ఒక సర్వర్‌లో ఎన్ని వెబ్‌సైట్లు పెట్టొచ్చు? నెల్లూరు నుంచి ఒక లెక్క

నెల్లూరులో, ఒంగోలులో వెబ్‌సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, నాలుగు కోర్లు, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ తీసుకున్నా. ఎన్ని సైట్లు పెట్టొచ్చు?" వీపీఎస్ అంటే పెద్ద మెషీన్‌లో మనం అద్దెకు తీసుకునే ఒక వాటా, కోరు అంటే లెక్కలు చేసే సీపీయూలో ఒక భాగం. యాభై అనో వంద అనో ఒక అంకె చెప్తే వాళ్లకి సంతోషం. కానీ అలా చెప్పడం తప్పు.

సోమశిల జలాశయంలో 78 టీఎంసీలు నిలుస్తాయి. ఆ ఒక్క అంకె పట్టుకుని దాని కింద ఎన్ని ఎకరాలు పండుతాయో ఎవరూ చెప్పలేరు. వరి వేస్తే ఒక లెక్క, మినుము వేస్తే ఇంకో లెక్క. అందరూ ఒకే వారంలో నాట్లు వేస్తే కాలువ చివరి పొలానికి నీళ్లు అందవు. సర్వర్ కూడా అంతే. సైట్ల సంఖ్య కంటే, ఏ సైటు ఎంత తాగుతుంది, అందరూ ఎప్పుడు ఒకేసారి తూము ఎత్తుతారు అన్నదే అసలు లెక్క.

దీన్ని నేను నేర్చుకున్నది ఒక ఇంటర్ ఫలితాల రోజున. అప్పటికి నా సర్వర్‌లో 52 సైట్లు ఉన్నాయి. నెలల తరబడి సీపీయూ పది శాతం దాటలేదు కాబట్టి ఇంకో యాభై పెట్టొచ్చనుకున్నాను. ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నం నా కస్టమర్లయిన ఎనిమిది కాలేజీలూ తమ పిల్లల మార్కులు సైట్లలో పెట్టాయి. పావుగంటలో ఆ ఎనిమిదితో పాటు మిగతా 44 సైట్లూ పడిపోయాయి. మలై కాజా అమ్మే ఆయన ఫోన్ చేసి, "ఏంది తమ్ముడూ, పరీక్షలు రాసింది పిల్లకాయలు గదా, నా కొట్టు ఎందుకు మూతపడింది?" అని అడిగాడు. ఆయన ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు వెతుక్కుంటూ తయారు చేసుకున్న పద్ధతే కింద రాస్తున్నాను. అంకెలన్నీ అదే సర్వర్‌వి: నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్, 160 జీబీ డిస్క్. మీ అంకెలు మీరు పెట్టుకోండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఒక ఐపీ అడ్రస్‌కి ఒక సైటే పెట్టాలన్నది పాతకాలపు మాట. హెచ్‌టీటీపీ అంటే బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి. 1997లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్ తనకు ఏ సైటు కావాలో పేరుతో సహా అడగడం తప్పనిసరి అయింది. తర్వాత ఎస్‌ఎన్‌ఐ (కనెక్షన్ మొదట్లోనే సైటు పేరు చెప్పే పద్ధతి) వచ్చాక తాళం గుర్తు ఉన్న ఎస్‌ఎస్‌ఎల్ సైట్లకీ ఆ ఇబ్బంది పోయింది. ఒక ఐపీ మీద వేల సైట్లు పెట్టొచ్చు. మన హద్దులు వేరే చోట ఉన్నాయి.

మొదటి పని: సైట్లను పంటల్లా వేరు చేయండి

ఒక కాగితం మీద సైట్లన్నీ రాసి మూడు గుంపులు చేయండి.

మొదటిది బోర్డు సైట్లు. కొట్టు ముందు బోర్డు లాంటివి: పేరు, ఫొటోలు, ఫోన్ నంబరు, మ్యాప్. రొయ్యల మేత డీలర్, ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్లు, పొగతోటలోని క్లినిక్. నా దగ్గర ఇవి 40. ఇవి మెట్ట పైరు, నీళ్లు పెద్దగా అడగవు.

రెండోది కొట్టు సైట్లు. కార్టు, పేమెంటు, లాగిన్ ఉన్నవి. ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా కనిపించే పేజీని క్యాష్‌లో (ఒకసారి తయారైన పేజీని అందరికీ ఇవ్వడానికి ఉంచుకునే చోటు) దాచడం కుదరదు, ప్రతిసారీ పేజీని తయారు చేసే పీహెచ్‌పీ ప్రోగ్రాం, డేటాబేస్ పనిచేయాల్సిందే. ఇది వరి. నా దగ్గర నాలుగు.

మూడోది, అసలు ప్రమాదం ఉన్నది, ఉప్పెన సైట్లు. ఏడాదిలో 360 రోజులు నిద్రపోతాయి, మిగిలిన అయిదు రోజులు మీద పడతాయి. కాలేజీలు, లాడ్జీలు, స్థానిక వార్తల సైట్లు. నా దగ్గర ఎనిమిది, అన్నీ కాలేజీలే.

రెండో పని: రెండు వారాల లాగ్ చదవండి

కస్టమర్ చెప్పే "రోజుకి పదివేల మంది చూస్తారు" అన్న మాటని గానీ, "ఎవరూ చూడరులే" అన్న మాటని గానీ నమ్మకండి. వచ్చిన ప్రతి రిక్వెస్టునీ రాసిపెట్టే వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్ ఉంది కదా, అది అబద్ధం చెప్పదు. గో-యాక్సెస్ లాంటి ఉచిత టూల్‌తో ప్రతి సైటుకీ మూడు అంకెలు తీయండి: రోజుకి ఎన్ని పేజీలు, అందులో అత్యంత రద్దీ గంటలో ఎన్ని, రోబోల వాటా ఎంత.

రోబోల సంగతి చాలామంది వదిలేస్తారు. మనుషులే రాని సైటుకి కూడా సెర్చ్ ఇంజిన్ రోబోలు వస్తాయి, సైట్లని నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ లాగిన్ పేజీని పాస్‌వర్డులతో బాదేవాళ్లు వస్తారు. సైట్ల సంఖ్య పెరిగితే కచ్చితంగా పెరిగేది ఈ రద్దీయే. నా సర్వర్‌లో అన్ని సైట్లకీ కలిపి సెకనుకి సుమారు ఒక రిక్వెస్ట్ వీటిదే.

కొత్త సైటుకి లాగ్ ఉండదు. అప్పుడు నేను వాడే అంచనా: రోజు మొత్తంలో 15 శాతం ఒక్క రద్దీ గంటలో వస్తుంది, ఆ గంటలో కూడా ఉధృతంగా ఉండే నిమిషం సగటుకి మూడు రెట్లు ఉంటుంది.

బోర్డు సైటు ఒక్కోదానికి రోజుకి 150 పేజీలు. నలభైకి 6,000. రద్దీ గంటలో 900, అంటే సెకనుకి పావు. మూడు రెట్లు చేస్తే 0.75. అందులో తొంభై శాతం క్యాష్ నుంచే వెళ్లిపోతే పీహెచ్‌పీ దాకా వచ్చేది సెకనుకి 0.075. నలభై సైట్లూ కలిపి ఇంతే! కొట్టు సైట్లు పండగ రోజున ఒక్కోటి 3,000 పేజీలు, నాలుగింటికి 12,000. రద్దీ గంటలో 1,800, అంటే సెకనుకి 0.5. అందులో 60 శాతం పీహెచ్‌పీకి వస్తే 0.3, ఉధృతిలో 0.9. రోబోలది 1. మొత్తం సెకనుకి రెండు.

మూడో పని: మన ఊరి క్యాలెండర్ తీయండి

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. పెద్ద హోస్టింగ్ కంపెనీలు ఒక సర్వర్‌లో వందల సైట్లు పెట్టగలగడానికి ఒక కారణం, వాళ్ల కస్టమర్లు ఎక్కడెక్కడి వాళ్లో. ఒకడికి పండగైనప్పుడు ఇంకొకడికి మామూలు రోజు, కాబట్టి రద్దీ సర్దుకుంటుంది. మన సంగతి అలా కాదు. సర్వర్ ముంబైలో ఉన్నా, కస్టమర్లందరూ ఒకే ప్రాంతం వాళ్లు. సంక్రాంతి అందరికీ ఒకే రోజు. ఫలితాలు అందరికీ ఒకే మధ్యాహ్నం. తుఫాను అందరికీ ఒకే రాత్రి.

అందుకే గోడ క్యాలెండర్ ఒకటి తెచ్చుకుని, రద్దీ రోజులు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఇంటర్, టెన్త్ ఫలితాలు. అడ్మిషన్ల నెల. సంక్రాంతి, దసరా ఆర్డర్లు. మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది, అప్పుడు లాడ్జీల సైట్లకి ఊపిరాడదు. అది చాంద్రమానం కాబట్టి ఏటా సుమారు పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, పోయిన ఏడాది తేదీ పట్టుకుని కూర్చుంటే మోసపోతారు. తుఫానుకి తేదీ ఉండదు గానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాచుకుని ఉండాలి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో స్థానిక వార్తల సైటుకి మామూలు లెక్క పనికిరాదు.

ఇప్పుడు ప్రతి ఎర్ర తేదీ పక్కన, ఆ రోజు లేచే సైట్లన్నీ కలిపి రద్దీ ఎంతో రాయండి. నా ఫలితాల రోజు: ఎనిమిది కాలేజీలు, ఒక్కోదానికి ఒక గంటలో 6,000 పేజీలు. మొత్తం 48,000, సెకనుకి 13కి పైనే. ఉధృతమైన నిమిషంలో సెకనుకి 40. హాల్‌టికెట్ నంబరు కొట్టి వెతికే పేజీ కాబట్టి క్యాష్ అక్కరకు రాదు, నలభైకి నలభై పీహెచ్‌పీ మీదే. 44 సైట్లూ రోబోలూ కలిపి రెండు అడుగుతుంటే, ఈ ఎనిమిదే నలభై అడిగాయి.

నాలుగో పని: సీపీయూ ఎంత మోస్తుంది

సర్వర్‌లో పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌కి సొంత యాక్సెస్ లాగ్ ఉంది. ప్రతి రిక్వెస్టుకీ పట్టిన సమయం, వాడిన సీపీయూ శాతం, మెమరీ అందులో రాయించుకోవచ్చు. ఒక రోజు ఆన్ చేసి చూడండి. నా వర్డ్‌ప్రెస్ సైట్లలో క్యాష్ లేని పేజీకి సుమారు పావు సెకను సీపీయూ పడుతుంది. ఒక కోరు సెకనుకి నాలుగు పేజీలు, నాలుగు కోర్లు పదహారు. పూర్తిగా నింపితే క్యూలు పెరిగిపోతాయి కాబట్టి 70 శాతమే లెక్కలోకి తీసుకోండి. అంటే పదకొండు.

వీపీఎస్ వాడేవాళ్లు టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అన్న అంకె కూడా చూడాలి. అది మనకి రావాల్సిన సీపీయూని అదే మెషీన్‌లోని పక్కవాళ్లు తినేసిన వాటా. అది తరచూ అయిదు దాటుతుంటే మీకున్నవి నాలుగు కోర్లని అనుకోవద్దు.

అయిదో పని: ర్యామ్, దానికంటే ముఖ్యంగా వెయిటింగ్

8 జీబీ అంటే 8,192 ఎంబీ. ఆపరేటింగ్ సిస్టమ్‌కి 800, డేటాబేస్ అయిన మరియాడీబీకి 2,000, వెబ్ సర్వర్‌కీ క్యాష్ కోసం వాడే రెడిస్‌కీ 300, ఖాళీగా ఉంచాల్సింది 1,600. మిగిలేది 3,492. పీహెచ్‌పీ ప్రాసెస్ (ఒకసారికి ఒకే రిక్వెస్ట్ చూసే పనివాడు) ఒక్కోటి 70 ఎంబీ తింటే 49 ప్రాసెస్‌లు. ఈ 70ని కొలిచేటప్పుడు జాగ్రత్త: పీఎస్ కమాండ్ చూపించే ఆర్‌ఎస్‌ఎస్‌లో అందరూ పంచుకునే మెమరీ కూడా ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ కలిసిపోతుంది. పంచుకున్న మెమరీని వాటాలుగా విడగొట్టే పీఎస్‌ఎస్ అంకెని చూపించే ఎస్‌మెమ్ వాడితే నిజమైన అంకె వస్తుంది.

ప్రాసెస్‌ల సంఖ్యని 49 దాటించి రెండొందలు పెట్టేస్తే ఏమవుతుంది? రద్దీలో ర్యామ్ నిండి స్వాప్, అంటే డిస్క్‌నే ర్యామ్‌లా వాడటం, మొదలవుతుంది, తర్వాత లైనక్స్ కెర్నల్ మెమరీ ఎక్కువ తినేవాడిని చూసి చంపుతుంది. చాలాసార్లు అది డేటాబేసే అవుతుంది. ఒక్క దెబ్బకి అన్ని సైట్లూ పోతాయి.

ఇక వెయిటింగ్. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన చిన్న సూత్రం ఒకటుంది: సెకనుకి వచ్చేవాళ్ల సంఖ్యని ఒక్కొక్కరికి పట్టే సెకన్లతో గుణిస్తే, ఏ క్షణాన చూసినా లోపల సగటున ఎంతమంది ఉంటారో వస్తుంది. సెకనుకి పదకొండు రిక్వెస్టులు, ఒక్కోటి అర సెకను అయితే లోపల అయిదారు ప్రాసెస్‌లే పనిలో ఉంటాయి. మరి 49 ఎందుకు?

నాకు ఎదురైనది చెప్తాను. ఆ రోజు రెండు కాలేజీల సైట్లలో అడ్మిషన్ ఫారం ఉంది, అది నింపితే ఎస్‌ఎంఎస్‌లో ఓటీపీ వెళ్లాలి. ఎస్‌ఎంఎస్ పంపే కంపెనీ సర్వర్ ఆ రోజు పది సెకన్ల దాకా జవాబివ్వలేదు. మా పీహెచ్‌పీ ప్రాసెస్ ఆ పది సెకన్లూ చేతులు కట్టుకుని నిలబడింది. ఫారంకి సెకనుకి అయిదు రిక్వెస్టులు. అయిదు పదులు యాభై. 49 ప్రాసెస్‌లూ నిలబడిపోయాయి. కాసేపటికి స్క్రీన్ మీద సీపీయూ గ్రాఫ్ కిందికి దిగుతోంది, సైట్లు మాత్రం తెరుచుకోవడం లేదు. ఆ గ్రాఫ్ చూసి నేను అరగంట పాటు తప్పు చోట వెతికాను. అందుకే బయటి సర్వర్‌ని పిలిచే ప్రతి చోటా, పేమెంటు గానీ ఎస్‌ఎంఎస్ గానీ, రెండు మూడు సెకన్లలో జవాబు రాకపోతే వదిలేసేలా టైమౌట్ పెట్టండి. కుదిరితే ఎస్‌ఎంఎస్‌ని క్యూలో వేసి వెనక నుంచి పంపండి.

ఆరో పని: డిస్క్, ఫైళ్లు, నెట్ పైపు

160 జీబీలో సిస్టమ్‌కి 20, ఖాళీగా 32 పోతే 108 జీబీ. సైటుకి సగటున 1.5 జీబీ అనుకుంటే 72 సైట్లు. సగటు అన్నాను గానీ, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేసే ఒక కస్టమర్ ప్రతి రాతి పలకనీ ఎనిమిది ఎంబీల ఫొటోగా ఎక్కిస్తాడు. అలాంటి వాళ్లకి అప్‌లోడ్ కాగానే ఫొటో సైజు తగ్గించే ఏర్పాటు చేయండి.

ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ (ప్రతి ఫైలుకీ ఒకటి కావాల్సిన ఖాతా) చొప్పున ఇస్తుంది. 160 జీబీకి సుమారు కోటీ అయిదు లక్షల ఫైళ్లు. సరిపోతుంది గానీ, క్యాష్ ప్లగిన్లు, పాత సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుంటాయి. జీబీలు మిగిలి ఉన్నా కొత్త ఫైలు రాయలేని పరిస్థితి వస్తుంది. నెలకోసారి చూడండి.

లైనక్స్‌లో ఒక ప్రాసెస్ ఒకేసారి తెరవగల ఫైళ్లకి చాలా చోట్ల 1,024 అన్న హద్దు ఉంటుంది. సైటుకి రెండు లాగ్ ఫైళ్లు పెడితే, అయిదొందల సైట్లకే అది నిండిపోతుంది. ఎక్కువ సైట్లు పెట్టేవాళ్లు ఈ హద్దుని ముందే పెంచుకోవాలి.

నెట్ పైపు సంగతి మామూలు రోజుల్లో పట్టించుకోనక్కర్లేదు. ఫలితాల రోజున మాత్రం 48,000 పేజీలు, పేజీ ఒక ఎంబీ అనుకుంటే గంటలో 48 జీబీ, అంటే 107 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు). 100 ఎంబీపీఎస్ పోర్టు ఉన్న సర్వర్‌కి ఇదొక్కటే చాలు చావడానికి. ఆ పేజీలో పెద్ద బ్యానర్లు, టాపర్ల ఫొటోలు తీసేసి 200 కేబీకి దించితే 21 ఎంబీపీఎస్‌తో అయిపోతుంది.

ఏడో పని: అన్నిటికంటే చిన్న అంకెని పట్టుకోండి

బోర్డు సైట్ల వరకు, రోబోలని పక్కన పెడితే, సీపీయూ వెయ్యి సైట్లకీ ఓకే అంటుంది: నలభైకి 0.075 అయితే వెయ్యికి రెండు కూడా రాదు. డిస్క్ 72 దగ్గర ఆపేస్తుంది. ఉప్పెన సైట్లయితే సీపీయూ మోసేది 11, ఎనిమిది సైట్లు అడిగేది 40, అంటే సైటుకి 5. మిగతావాళ్ల రెండూ తీసేస్తే తొమ్మిదే మిగులుతాయి. ఒక్క కాలేజీకి చోటుంది. రెండోది పెడితే దాటిపోతుంది. ఎనిమిది పెట్టి కూర్చున్నాను.

దీనికి పెద్ద సర్వర్ కొనడం ఒక్కటే దారి కాదు. ఇప్పుడు నేను మార్కులు రాగానే ప్రతి విద్యార్థికీ ఒక చిన్న స్టాటిక్ పేజీ ముందే తయారు చేసి పెడుతున్నాను. ఫైలు పేరులో హాల్‌టికెట్ నంబరుతో పాటు పుట్టిన తేదీ కూడా ఉంటుంది, లేకపోతే పక్కింటివాళ్లు నంబరు మార్చి మార్చి కొట్టి ఊళ్లో పిల్లలందరి మార్కులూ చూసేస్తారు. ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా బయటికి కనిపించకుండా కూడా చూసుకోవాలి. పీహెచ్‌పీ, డేటాబేస్ అసలు కదలవు. సెకనుకి నలభై స్టాటిక్ ఫైళ్లు ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కి లెక్కే కాదు.

ఎనిమిదో పని: కాగితాన్ని పరీక్షించండి

ఇంకో సర్వర్ నుంచి, రాత్రి పూట, సైటు కాపీ మీద రద్దీని సృష్టించే టూల్, డబ్ల్యూఆర్‌కే గానీ కే6 గానీ, నడపండి. ఒకేసారి 5, 10, 20, 40 మంది వచ్చినట్టు పెంచుకుంటూ పోండి. పేజీ వచ్చే సమయం ఒక దశ దాకా నిలకడగా ఉండి, ఒక్కసారిగా పైకి లేస్తుంది. లేచిన చోటే మీ అసలు హద్దు. హోమ్ పేజీని మాత్రమే పరీక్షించి తృప్తి పడకండి, అది క్యాష్‌లోంచి వస్తుంది. వెతికే పేజీ, కార్టు పేజీ కొట్టండి. హోస్టింగ్ కంపెనీ నియమాలు ముందు చదవండి, ఇతరుల సైట్ల మీద ఈ పని ఎప్పుడూ చేయకండి.

తొమ్మిదో పని: సైటుకీ సైటుకీ మధ్య గట్టు వేయండి

కాజా కొట్టు మూతపడటానికి కారణం అన్ని సైట్లకీ ఒకే పీహెచ్‌పీ పూల్ (ప్రాసెస్‌ల గుంపు) ఉండటం. ఇప్పుడు ప్రతి సైటుకీ వేరే యూజర్, వేరే పూల్. బోర్డు సైట్లకి ఆన్‌డిమాండ్ మోడ్, గరిష్ఠంగా మూడు ప్రాసెస్‌లు. ఎవరూ రానప్పుడు అవి సున్నాకి దిగిపోతాయి, ర్యామ్ మిగులుతుంది. కొట్టు సైటుకి ఎనిమిది. వీటన్నిటి మొత్తం 49 దాటుతుంది, అందరూ ఒకేసారి రారన్న నమ్మకంతో పెట్టినదే అది. ఆ నమ్మకం ఎర్ర తేదీల్లో పనిచేయదు కాబట్టి ఉప్పెన సైట్ల హద్దుని మాత్రం పట్టుగా ఉంచండి. వాళ్ల పేజీ నెమ్మదిస్తే నెమ్మదించనివ్వండి, పక్కవాడి నీళ్లు మాత్రం తాగకూడదు.

ఇంకో చిన్న మాట. వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ (వేళకి పనులు నడిపే ఏర్పాటు) ఆపేసి, సర్వర్ క్రాన్‌లో ఒక్కో సైటుకి ఒక్కో నిమిషం కేటాయించండి. బ్యాకప్‌లు కూడా అంతే. అన్నిటికీ రాత్రి పన్నెండు అని పెడితే రోజూ పన్నెండింటికి సర్వర్ తల పట్టుకుంటుంది. మెయిల్‌ని ఈ సర్వర్‌లో పెట్టకండి. ఒక సైటు హ్యాకై స్పామ్ పంపితే ఐపీ బ్లాక్‌లిస్టులో పడి అందరి మెయిళ్లూ ఆగిపోతాయి.

చివరిది: సర్వర్ పూర్తిగా పోతే?

ఈ హద్దు గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ముఖ్యం. 108 జీబీని 100 ఎంబీపీఎస్ లైన్ మీద బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలంటే ఏ ఆటంకమూ లేకపోయినా రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. లక్షల చిన్న ఫైళ్లు కాబట్టి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ సేపంతా 72 మంది మీకు ఫోన్ చేస్తారు. మీరొక్కరే ఉంటే ఎంతమందికి జవాబు చెప్పగలరో, వారానికి ఎన్ని సైట్ల ప్లగిన్లు చూసి అప్‌డేట్ చేయగలరో, ఆ అంకె కూడా కాగితం మీద రాయండి.

నా కాగితం మీద అది 55. డిస్క్ 72 అన్నా నేను 55 దగ్గర ఆగాను. ఎనిమిది కాలేజీల్లో ఆరింటిని రెండో చిన్న సర్వర్‌కి మార్చాను, మిగిలిన రెండూ స్టాటిక్ పేజీలతో ఇక్కడే ఉన్నాయి. పది సైట్లు పెరిగిన ప్రతిసారీ, ప్రతి మే నెల చివర్లోనూ లాగ్‌లు తీసి మళ్లీ ఇదే లెక్క వేస్తాను. మొన్నటి ఫలితాల రోజు సాయంత్రం కాజా కొట్టు సైటులో ఆర్డర్లు మామూలుగానే పడ్డాయి.